849 స్క్వాడ్రన్‌ని డైనింగ్ టేబుల్ మీద కట్టిన ఏడాదిన్నర

నేను నేవీ మనిషిని కాను, ముందే చెప్పేస్తున్నా. మా నాన్న విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, మా ఇంటికీ నేవీకీ ఉన్న చుట్టరికం అంతే. నేను నాటింగ్‌హామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు పిల్ల పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరుచుకుని ప్లాస్టిక్ విమానాల కిట్లు అంటించుకునే బాపతు. అలా ఒకటి మొదలుపెడితే ఇంకోటి, దాని వెనక మరోటి తగులుకుని, చివరికి 849 అనే ఒక బ్రిటిష్ నేవీ స్క్వాడ్రన్ (విమానాల దళం) పుట్టిన దగ్గర్నుంచి మూతపడేదాకా వాడిన విమానాలన్నీ కట్టేశాను. ఏడాదిన్నర పట్టింది. ఈ మధ్యలో రెండు జిగురు మరకలు టేబుల్‌కి శాశ్వతంగా ఉండిపోయాయి, వాటి గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట వస్తుంది.

అసలు ఎలా తగులుకుందంటే, విరాట్ అనే మన విమానవాహక నౌక వల్ల. 2016 ఫిబ్రవరిలో విశాఖలో ఫ్లీట్ రివ్యూ జరిగినప్పుడు నేను సెలవు మీద ఊళ్లోనే ఉన్నాను. ఆర్కే బీచ్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. నాన్న నా భుజం మీద చెయ్యేసి, దూరంగా సముద్రంలో కనిపిస్తున్న విరాట్‌ని చూపించి, "అది పాతది. ఇంగ్లీషోళ్ల హెర్మీస్ అదే. మనం కొని విరాట్ అని పేరెట్టుకున్నాం," అన్నారు. ఆ మాట అక్కడే మర్చిపోయాను. కొన్నేళ్ల తర్వాత ఇక్కడ ఒక పాతపుస్తకాల షాపులో నౌకల ఫొటోల పుస్తకం తిరగేస్తుంటే, 1960ల్లో తీసిన హెర్మీస్ డెక్ ఫొటో కనిపించింది. డెక్ మీద ఒక వింత విమానం ఉంది, రెక్కలు మడతమంచంలా రెండేసి మడతలు పెట్టి, ముక్కు మీద ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, పొట్ట కింద గుండిగ బోర్లించి కట్టినట్టు పెద్ద బుడిపె. ఫొటో తీసి నాన్నకి వాట్సాప్ చేశాను. వెంటనే ఫోన్.

"ఏట్రా అది, కడుపుతో ఉన్న బాతులాగుంది?"

అది గానెట్. ఫెయిరీ గానెట్ ఏఈడబ్ల్యూ 3. ఏఈడబ్ల్యూ అంటే ఎయిర్‌బార్న్ ఎర్లీ వార్నింగ్, గాల్లోంచి ముందే పసిగట్టి హెచ్చరించడం. దాన్ని నడిపింది 849 నేవల్ ఎయిర్ స్క్వాడ్రన్. ఆ రాత్రే కిట్ ఆర్డర్ పెట్టాను, చెక్ దేశం నుంచి రావాలి, మూడు వారాలన్నారు.

కిట్ వచ్చేలోపు ఆ బుడిపె ఎందుకో చదువుకున్నాను. వైజాగ్ వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. బీచ్‌లో ఇసుక మీద నిలబడితే కొంతదూరం దాకానే ఓడలు కనిపిస్తాయి, అదే కైలాసగిరి ఎక్కితే వాటికి చాలా వెనక ఉన్నవి కూడా తేలతాయి. భూమి గుండ్రం కాబట్టి. రేడార్‌కీ అదే బాధ. యుద్ధనౌక మీద పాతిక మీటర్ల ఎత్తులో రేడార్ పెడితే, నీళ్లని రాసుకుంటూ వచ్చేదాన్ని అది ఇరవై కిలోమీటర్ల లోపుకొచ్చాక గానీ చూడలేదు. అదే రేడార్‌ని విమానంలో పెట్టి మూడు వేల మీటర్లు ఎక్కిస్తే, రెండొందల కిలోమీటర్లు దాటి కనిపిస్తుంది. ధ్వని వేగానికి దగ్గరగా వచ్చే క్షిపణికి ఇరవై కిలోమీటర్లంటే ఒక నిమిషం పైచిలుకు. అంతే టైము. అందుకని నౌకలు తమ కన్నుని ఆకాశంలోకి పంపుకోవాలి. 849 స్క్వాడ్రన్ చేసిన పని అది. గానెట్ పొట్ట కింద ఉన్నది ఆ కన్నే.

ఇక కిట్. పెద్ద కంపెనీల కిట్లు ముక్కకి ముక్క పట్టేసినట్టు అతుక్కుంటాయి. చిన్న కంపెనీల కిట్లలో ముక్కలు మీకు రెండు వైపులు ఇస్తాయి, మధ్యలో ఉన్న ఖాళీ పూడ్చుకోవడం మీ వంతు. పుట్టీ పెట్టడం, ఆరనివ్వడం, గరుకు కాయితంతో రుద్దడం, మళ్లీ పుట్టీ. వారం రోజులు పొట్ట అతుకు మీదే అయిపోయింది. ముందు చక్రం మీద నిలబడే విమానం కాబట్టి ముక్కులో బరువు వెయ్యాలి, లేకపోతే తోక మీద కూలబడుతుంది, నేను గాలానికి కట్టే సీసపు గుండ్లు నాలుగు కుక్కాను, చాలలేదు, మళ్లీ విప్పి ఇంకో రెండు. అన్నిటికంటే పెద్ద తప్పు ప్రొపెల్లర్ల దగ్గర చేశాను. గానెట్‌కి రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, ఒక్కోదానికి నాలుగు బ్లేడ్లు. అంటే ముందు నాలుగూ ఒకవైపు మెలితిరిగి ఉండాలి, వెనక నాలుగూ ఇంకోవైపు. నేను ఎనిమిదీ ఒకే వైపుకి అంటించి, రంగేసి, కొనలకి పసుపు కూడా పూసి, మురిసిపోయి, ఫొటో తీసి మోడలింగ్ క్లబ్‌లో ఒకాయనకి చూపిస్తే ఆయన మర్యాదగా, "ఇది గనక ఎగిరితే ఎటూ పోదు," అన్నాడు.

ఆ తప్పు వల్లే ఇంజన్ గురించి చదివాను, లేకపోతే చదివేవాణ్ణి కాదు. దాని పేరు డబుల్ మాంబా. రెండు టర్బైన్ ఇంజన్లని పక్కపక్కన కట్టి, ఒక్కోటీ ఒక్కో ప్రొపెల్లర్‌ని తిప్పేలా చేశారు. పైకి లేచాక ఒక ఇంజన్ ఆపేసి, రెండో దానితో నింపాదిగా గంటల తరబడి గాల్లో తిరగొచ్చు. గస్తీ తిరిగే విమానానికి ఇంతకంటే ఏం కావాలి. ఎగురుతున్న గానెట్ ఫొటోల్లో ఒక ప్రొపెల్లర్ ఆగిపోయి కనిపిస్తే నేను మొదట్లో ప్రమాదం అనుకున్నాను, ఇంధనం ఆదా అని తర్వాత తెలిసింది. మొత్తం 44 మాత్రమే తయారుచేశారు. 1960 నుంచి 849 వాళ్ల ఒక్కో ఫ్లైట్ (అంటే స్క్వాడ్రన్‌లో చిన్న భాగం) ఒక్కో నౌక మీద ఉండేది, మూడు నాలుగు విమానాల చొప్పున. తోక మీద అక్షరం చూస్తే ఏ నౌకదో తెలుస్తుంది, ఆర్ అంటే ఆర్క్ రాయల్, ఈ అంటే ఈగిల్, హెచ్ అంటే హెర్మీస్. నా కిట్‌లో హెచ్ రాలేదు. నాకు విరాట్ విమానమే కావాలి కాబట్టి తెల్ల స్టిక్కర్ కాయితాన్ని బ్లేడుతో మూడు చీలికలు కోసి హెచ్ చేసుకున్నాను. కాస్త వంకరొచ్చింది. పైన ముదురు బూడిదరంగు, కింద లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, అచ్చం బాతుగుడ్డు రంగు. నాన్న ముందే బాతన్నారు, రంగూ అదే కుదిరింది.

నిజం గానెట్‌ని చూద్దామని ఒక ఆదివారం నెవార్క్ ఎయిర్ మ్యూజియంకి వెళ్లాను, మాకు గంట లోపు దారి. అక్కడ ఒక ఏఈడబ్ల్యూ 3 ఉంది. ఫొటోల్లో చూసి చిన్నదనుకున్నాను, పక్కన నిలబడితే డాబా ఇంత ఎత్తు. పొట్ట కింద రేడార్ తొట్టిని చూడాలంటే మాత్రం వంగాలి. నేను వంగి, ఇంకా వంగి, చివరికి మోకాళ్ల మీద కూర్చున్నాను, పక్కనున్న పిల్లలు నేనేదో పోగొట్టుకున్నాననుకుని వాళ్లూ వెతకడం మొదలుపెట్టారు. అప్పుడే పక్కన రెక్క వెనక చిన్న తలుపు గమనించాను. పైలట్ ముందు గాజు కింద రాజాలా కూర్చుంటాడు. రేడార్ చూసే అబ్జర్వర్లు ఇద్దరు ఆ తలుపులోంచి లోపలికి దూరి, పొట్టలో, దాదాపు చీకట్లో కూర్చోవాలి. గోలీసోడా మూతంత కిటికీ. అందరికంటే దూరం చూడాల్సిన వాళ్లకే బయట ఏమీ కనపడదన్నమాట. పచ్చగా మెరిసే తెర ఒకటే లోకం, అదీ ఊగే విమానంలో, గంటలకి గంటలు. నాకైతే విశాఖ నుంచి హైదరాబాద్ స్లీపర్ బస్సు పైబెర్తులో ఫోన్ చూస్తేనే తల తిరుగుతుంది.

1966లో వీళ్లు ఆఫ్రికా తీరంలో చేసిన పని చూడండి. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీద ఆంక్షలు పెట్టారు, మొజాంబిక్‌లోని బీరా రేవు ద్వారా దానికి చమురు వెళ్లకుండా చూడాలి. ఆర్క్ రాయల్, ఈగిల్ వంతులవారీగా అక్కడ కాపలా కాశాయి, గానెట్లు పైన తిరుగుతూ వచ్చే పోయే ట్యాంకర్లన్నిటినీ లెక్కపెట్టాయి. తుపాకి పేల్చకుండా వారాల తరబడి సముద్రంలో ఓడలు వెతకడం. ఇలాంటి విసుగుపుట్టించే డ్యూటీల గురించి ఎవరూ సినిమాలు తియ్యరు.

గానెట్ అయిపోయాక ఆగాలి. కానీ రేడార్ గురించి ఒక వాక్యం చదివి ఆగలేకపోయాను. గానెట్ పొట్ట కిందున్న ఏపీఎస్-20 రేడార్లు కొత్తవి కావు, అంతకుముందు వాడిన స్కైరైడర్ల నుంచి విప్పి పెట్టినవి. మన ఇళ్లల్లో పాత ఫ్రిజ్ పోతే మోటారు విప్పి కూలర్‌కి పెట్టుకున్నట్టు. అంటే ఇప్పుడు స్కైరైడర్ కట్టాలి.

డగ్లస్ స్కైరైడర్ అమెరికన్ విమానం. అమెరికా సైనిక సాయం కింద బ్రిటన్‌కి యాభై దాకా ఇచ్చింది. 1952 జూలై 7న కార్న్‌వాల్‌లోని కల్డ్రోజ్ స్థావరంలో 849 మళ్లీ పుట్టింది, ఈసారి ఎర్లీ వార్నింగ్ స్క్వాడ్రన్‌గా, ఈ స్కైరైడర్లతో. ముందు పెద్ద పిస్టన్ ఇంజన్, వెనక పొట్టలో మళ్లీ ఆ చీకటి గది, ఇద్దరు అబ్జర్వర్లు. నిగనిగలాడే ముదురు నీలం రంగు. ఆ నీలం రంగు వెయ్యడం ఒక నరకం, చిన్న దుమ్ము పడినా కొండంత కనిపిస్తుంది. నేను బాత్రూంలో వేడినీళ్లు వదిలి, ఆవిరి పట్టించి, దుమ్మంతా అణిగాక లోపల కూర్చుని ఎయిర్‌బ్రష్ చేశాను. బయట మా ఆవిడ, "ఏవండీ, ఇంకెంతసేపు? పిల్లకి స్నానం చేయించాలి," అని తలుపు కొడుతోంది. రంగు బాగానే వచ్చింది, టవల్ మాత్రం నీలమైంది.

1956 సూయెజ్ యుద్ధంలో ఈ స్కైరైడర్లు ఈగిల్, ఆల్బియన్ నౌకల మీంచి పనిచేశాయి. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఈజిప్టులోని గమిల్ ఎయిర్‌ఫీల్డ్ చేతికొచ్చాక ఆల్బియన్ స్కైరైడర్లు అక్కడ దిగిన సైనికులకి మందులు మోసుకెళ్లాయి, వాటితోపాటు బీరు కూడా. అబ్జర్వర్లు కూర్చునే ఆ చీకటి గదిని గోడౌన్‌గా వాడుకున్నారు. ఇది చెబితే మా నాన్న మొదటిసారి ఈ స్క్వాడ్రన్ మీద గౌరవం చూపించారు.

ఇంకా వెనక్కి వెళ్తే అవెంజర్. దీన్ని కట్టక్కర్లేదు నిజానికి, ఎందుకంటే 849 పుట్టినప్పుడు ఎర్లీ వార్నింగ్ స్క్వాడ్రన్ కాదు. 1943 ఆగస్టు 1న అమెరికాలో, రోడ్ ఐలాండ్‌లోని క్వాన్‌సెట్ పాయింట్‌లో, టార్పెడోలు బాంబులు వేసే దళంగా మొదలైంది. చిత్రమేంటంటే, ఏపీఎస్-20ని అమెరికన్లు యుద్ధం చివర్లో మొట్టమొదట పొట్ట కింద కట్టింది కూడా అవెంజర్‌కే, కాకపోతే 849 దగ్గరున్నవి మామూలు బాంబు రకం. అదే విమానం, అదే రేడార్, అదే స్క్వాడ్రన్ చివరికి కలుస్తాయని అప్పుడెవరికీ తెలీదు. ఈ ఒక్క కారణంతో కిట్ కొన్నాను. ఇంట్లో కారణం వేరే చెప్పాను, డిస్కౌంట్ ఉందని.

అవెంజర్ కట్టడం పూరీ వేయించినంత సులువు, పది రోజుల్లో అయిపోయింది. దాని చరిత్ర మాత్రం సులువుగా మింగుడుపడేది కాదు. 849 విక్టోరియస్ నౌకెక్కి, 1945 జనవరిలో సిలోన్‌లోని ట్రింకోమలీ నుంచి బయల్దేరింది. సుమత్రాలో పాలెంబాంగ్ చమురు శుద్ధి కర్మాగారాలు జపాన్ చేతిలో ఉన్నాయి, వాళ్ల యుద్ధానికి కావాల్సిన విమాన పెట్రోల్లో పెద్ద భాగం అక్కడినుంచే. జనవరి 24న ప్లాజు, 29న సుంగై గెరోంగ్, రెండు దాడులు. కర్మాగారాల మీద బెలూన్లు ఎగరేసి ఉక్కుతీగలు వేలాడదీశారు, విమానం వచ్చి తగిలితే రెక్క తెగిపోవాలని. అవెంజర్లు ఆ తీగల మధ్యనుంచే కిందికి దూకాయి. ఆ దాడుల్లో పట్టుబడ్డ బ్రిటిష్ నేవీ వైమానికులు తొమ్మిదిమందిని జపాన్ వాళ్లు సింగపూర్ తీసుకెళ్లి, యుద్ధం ముగిసిన ఆ రోజుల్లోనే చంపేశారు. ఇది చదివిన రాత్రి బ్రష్ పక్కన పెట్టేశాను.

అప్పుడు 849కి నాయకుడు డేవిడ్ ఫోస్టర్. ఈయన యుద్ధం నుంచి క్షేమంగా బయటపడి, తర్వాత కాలంలో ఎవరయ్యారో తెలుసా? కోల్గేట్-పామోలివ్ కంపెనీ అధ్యక్షుడు. బెలూన్ తీగల మధ్య అవెంజర్ని దూకించిన మనిషి తర్వాత మనం పొద్దున్నే పళ్లు తోముకునే పేస్టు కంపెనీ నడిపాడు. దీనికి అర్థమేమీ లేదు, నాకు చెప్పాలనిపించింది.

వరుస ప్రకారం మళ్లీ ముందుకొస్తే, గానెట్ తర్వాత ఉన్నది ఖాళీ. షెల్ఫ్‌లో కూడా ఆ ఖాళీ వదిలాను, చూసినవాళ్లు ఒకటి విరిగిపోయిందా అని అడుగుతారు. పెద్ద విమానవాహక నౌకలు ఇక వద్దని 1966లోనే నిర్ణయించారు. చివరిది ఆర్క్ రాయల్, 1978 డిసెంబరులో అది ఆగిపోయింది, దాంతో 849 కూడా స్కాట్లాండ్‌లోని లాసీమౌత్‌లో మూతపడింది. గానెట్‌ని ఎగరేయడానికి డెక్ మీద కాటపుల్ట్ (విమానాన్ని ముందుకు విసిరే యంత్రం) కావాలి, ఆపడానికి తీగ కావాలి. కొత్తగా కట్టే చిన్న నౌకల మీద రెండూ లేవు. హెర్మీస్ మీద కూడా అప్పటికే కాటపుల్ట్ తీసేశారు. మరి కన్నెవరు? రాయల్ ఎయిర్‌ఫోర్స్ 1972లో పన్నెండు షాకిల్టన్ విమానాలతో ఆ బాధ్యత తీసుకుంది. వాటిలో పెట్టిన రేడార్ ఏదో ఊహించండి. గానెట్ల నుంచి విప్పిన ఏపీఎస్-20. స్కైరైడర్, గానెట్, షాకిల్టన్, మూడో ఇల్లు మారింది. అవి 1991 దాకా ఎగిరాయి. రెండో ప్రపంచయుద్ధంలో గీసిన రేడార్! కానీ షాకిల్టన్ నేల మీంచి ఎగరాలి. స్కాట్లాండ్ దగ్గర సముద్రానికైతే సరిపోతుంది.

1982లో అర్జెంటీనాతో యుద్ధం దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల్లో వచ్చింది, ఎనిమిది వేల మైళ్ల దూరంలో. నౌకాదళం వెళ్లింది, ఫ్లాగ్‌షిప్ మన హెర్మీసే. 1960ల్లో గానెట్లు మోసిన ఆ డెక్ మీద ఇప్పుడు హారియర్ జెట్లూ హెలికాప్టర్లూ ఉన్నాయి గానీ పైనుంచి చూసే కన్ను లేదు. మే 4న రెండు అర్జెంటీనా జెట్లు నీళ్లని తాకేంత కిందుగా వచ్చి ఎక్సోసెట్ క్షిపణులు వదిలాయి. షెఫీల్డ్ నౌకకి ఒకటి తగిలింది, ఇరవైమంది చనిపోయారు. ఆ జెట్లకి దారి చూపించింది ఒక పాత నెప్ట్యూన్ గస్తీ విమానం, పొద్దుట్నుంచి దూరంగా తిరుగుతూ బ్రిటిష్ నౌకల్ని కనిపెట్టి ఉంది. ఆ నెప్ట్యూన్‌లో ఉన్న రేడార్ ఏపీఎస్-20. నేను ఈ వాక్యం చదివి కుర్చీలోంచి లేచి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. వీళ్లు నౌకల మీంచి దించేసిన అదే కన్ను, అవతలివాడి విమానంలో ఉండి వీళ్లనే చూసింది. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల నౌక కూడా ఎక్సోసెట్‌కే పోయింది.

ఆ తర్వాత హడావుడి. దాన్ని హడావుడి అంటే తక్కువ, పెళ్లి ముహూర్తానికి గంట ముందు పందిరి వెయ్యడం అనాలి. నిమ్రాడ్ గస్తీ విమానంలో వాడే సెర్చ్‌వాటర్ రేడార్‌ని తీసుకొచ్చి, సీకింగ్ హెలికాప్టర్ పక్కన ఒక చెయ్యి బిగించి దానికి వేలాడదీశారు. చుట్టూ గాలి నింపే బట్ట సంచీ. ఎగిరాక ఆ చెయ్యి కిందికి వాల్చాలి, దిగేముందు పైకి ముడవాలి. ఈ మొత్తం పని పదకొండు వారాల్లో. అయినా ఆలస్యమే, జూన్ 14న యుద్ధం అయిపోయింది, రెండు హెలికాప్టర్లు ఆగస్టులో ఇలస్ట్రియస్ నౌక ఎక్కి వెళ్లాయి. 849 పేరు మళ్లీ 1984 నవంబరులో నిలబెట్టారు, కల్డ్రోజ్‌లోనే. ఆ సంచీ వల్ల ఈ సిబ్బందికి బ్యాగర్లు అని ముద్దుపేరు వచ్చింది.

సీకింగ్ కిట్‌లో హెలికాప్టర్ బావుంది, సంచీ మాత్రం సొట్ట. పోత సరిగ్గా పడలేదు. కంపెనీకి రాస్తే జవాబు లేదు. పది రోజులు చూసి, బాత్రూంలో నా రోల్-ఆన్ డియోడరెంట్ కనిపించి, దాని బంతి ఊడబీకాను. అరగదీసి, కింద గుండ్రం పెట్టి, బూడిద రంగేస్తే అచ్చం అదే. ఇప్పుడు ఎవరైనా మెచ్చుకుంటే ముక్కు దగ్గర పెట్టుకోవద్దంటాను.

సీకింగ్ కథ పొడుగు, కానీ ఒక్క తేదీ దగ్గర మాత్రం ఆగాలి. 2003 మార్చి 22, ఇరాక్ యుద్ధం మొదలైన రోజుల్లో, ఆర్క్ రాయల్ నుంచి ఎగిరిన 849 సీకింగ్‌లు రెండు, ఒకటి వెళ్తూ ఒకటి వస్తూ, గల్ఫ్ మీద చీకట్లో గుద్దుకున్నాయి. ఏడుగురు పోయారు. అందరికంటే ముందు చూడాల్సిన విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం గురించి నేను జోకులాంటి వాక్యం ఏదీ రాయలేను. ఆ హెలికాప్టర్ కట్టేటప్పుడు లోపల సీట్లు బయటకి కనపడవు, కిట్ వాళ్లు ఇచ్చిందే అంటించి మూసెయ్యొచ్చు. నేను బెల్టులు కూడా పెట్టాను.

2006 చివర్లో దీని ఫ్లైట్లని 854, 857 అని వేరే స్క్వాడ్రన్లు చేశారు. వాళ్లు 2009 నుంచి అఫ్గానిస్తాన్‌లో ఎగిరారు. సముద్రమే లేని దేశంలో నౌకల కాపలా హెలికాప్టర్! దాని రేడార్ అప్పటికి నేల మీద కదిలే వాహనాలని కూడా పట్టగలిగేది, ఎడారిలో బళ్ల వెంట పడింది. తర్వాత వాళ్లని మళ్లీ 849లోనే కలిపారు. 2018లో సీకింగ్‌లు రిటైరయ్యాయి, 2020లో 849 మూతపడింది, ఆ పని మెర్లిన్ హెలికాప్టర్లతో 820 స్క్వాడ్రన్‌కి వెళ్లింది. మెర్లిన్‌కీ పక్కన సంచీయే. మెర్లిన్ నేను కట్టను, అది 849 కాదు.

అదే 2020లో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ చేరింది, ముక్కలు చెయ్యడానికి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని విశాఖలో మ్యూజియంగా పెడదామనుకుంది, అది కాలేదు. డబ్బు పెద్దదే అయ్యుండొచ్చు, ఒప్పుకుంటా, కానీ ఆ డెక్ మీద గానెట్ బొమ్మ ఒకటి పెట్టి ఉంటే మా బీచ్ రోడ్డు పిల్లలకి భూమి గుండ్రం అని రేడార్‌తో చెప్పేవాళ్లం. నాన్న మాత్రం దీని గురించి మాట్లాడరు. అడిగితే, "పాతదైపోయిందిరా," అంటారు, అంతే.

కిందటి నెల ఆయన ఇక్కడికొచ్చారు. షెల్ఫ్ ముందు కుర్చీ వేసుకుని అవెంజర్, స్కైరైడర్, గానెట్, ఆ ఖాళీ, సీకింగ్ వరుసగా చూశారు. గానెట్ తోక మీద నా వంకర హెచ్‌ని వేలితో తడిమారు. ఫిట్టర్ కదా, పొట్ట అతుకు దగ్గర గోరు పెట్టి చూసి, "ఇక్కడ ఫైలింగ్ సరిగ్గా పడలేదు," అన్నారు. ఆ తర్వాత అడిగారు.

"అందరివీ కట్టావు. మన విరాట్ మీద రేడార్ పెట్టుకుని ఎగిరింది ఏదిరా?"

కమోవ్-31. రష్యన్ హెలికాప్టర్. మన నేవీలో 339 స్క్వాడ్రన్ 2003 నుంచి నడుపుతోంది. దీనికి సంచీ లేదు, పొట్ట కింద పెద్ద పలకలాంటి యాంటెనా మడిచి ఉంటుంది. ఎగిరాక పలక విచ్చుకుని గుండ్రంగా తిరుగుతుంది, దానికి అడ్డు రాకుండా చక్రాలు పైకి ముడుచుకుంటాయి. హెర్మీస్‌గా గానెట్లని మోసి, ఫాక్‌లాండ్స్‌కి కన్ను లేకుండా వెళ్లిన ఆ డెక్‌కి, విరాట్ అయ్యాక ముసలితనంలో మళ్లీ కన్నొచ్చింది.

కిట్ మొన్న వచ్చింది. మామూలు కమోవ్‌ది, యాంటెనా లేదు, ప్లాస్టిక్ షీటు కోసి నేనే చేసుకోవాలి. నాన్న పొద్దున్నుంచీ ఫైలు పట్టుకుని ఆ పలక అంచులు రుద్దుతున్నారు, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నాకు రోటర్లు అప్పజెప్పారు. ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు, ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఈసారి బ్లేడ్లు అంటించేముందు ఫొటో మూడుసార్లు చూశాను.